రెండో లైను

మా ఆఫీసులో నన్ను అందరూ ‘ముప్పైరెండు గారు’ అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా మేడమ్ అనే అంటారు. నాకు చెవులు శుభ్రంగా పనిచేస్తాయన్న సంగతి వాళ్ళకింకా తెలియదు. నోట్లో పళ్ళెన్నో అన్ని మెగాబైట్లు అని ఎవడో మహానుభావుడు జోకు కూడా వేశాడట. నా నోట్లో ఇప్పుడు ఇరవై ఎనిమిదే ఉన్నాయి. పాపం, ఆ సంగతి వాడికి చెప్పేవాళ్ళు లేరు.

ఈ ముప్పైరెండు గొడవేమిటో ముందు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన వెధవ పని మీకు అర్థం కాదు. మేం తయారుచేసేది కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోపలి భాగం. దాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకీ మెమొరీలో ఒక గది ఇచ్చి తలుపు వేసేస్తుంది కెర్నెల్. ఒకరి గదిలోకి ఇంకొకరు తొంగిచూడటానికి వీల్లేదు. కానీ కొన్ని ప్రోగ్రాములు కలిసి పనిచెయ్యాలి. పెద్ద పెద్ద రిజిస్టర్లు నడిపే డేటాబేసులు అలాంటివే, నలుగురైదుగురు ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాసుకునే రకం. వాళ్ళకి ఒక ఉమ్మడి చోటు ఇవ్వాలి. ఆ చోటు ఎంత పెద్దది కావచ్చు? ఎవరూ ఏమీ చెప్పనప్పుడు కెర్నెల్ తనంతట తాను ఎంతవరకు ఒప్పుకోవాలి? ఆ అంకె పెట్టింది నేను. పెట్టి ఇరవై ఏడేళ్ళయింది.

పెద్ద లెక్కలేమీ కట్టలేదు. అప్పట్లో నా బల్ల మీదున్న మెషీన్‌కి మొత్తం మెమొరీ అరవైనాలుగు మెగాబైట్లు. “ఎంత పెట్టమంటారు సార్?” అని మా హెడ్‌ని అడిగాను. ఆయన కాఫీ కప్పు పట్టుకుని అటువైపు వెళ్తూ, “ప్రస్తుతానికి ఉన్నదాంట్లో సగం పెట్టెయ్యమ్మా, తర్వాత చూద్దాం” అన్నారు. పెట్టేశాను. ఆయన రిటైరై వెళ్ళిపోయారు. మెషీన్ల మెమొరీ వేల రెట్లు పెరిగింది. నా ముప్పైరెండు మాత్రం కదల్లేదు, ఆయనన్న ఆ ‘తర్వాత’ రానేలేదు.

దాంతో ఏమవుతుందంటే, ఈ రోజుల్లో ఎవరు డేటాబేసు పెట్టుకున్నా అది వెళ్ళి నా అంకెకి గుద్దుకుంటుంది. ఉమ్మడి చోటు చాలలేదు, మొదలుపెట్టలేను అని స్క్రీను మీద ఒక సందేశం వస్తుంది. దాని కింద ‘సందేహాలుంటే ఈ అడ్రసుకి రాయండి’ అని ఉంటుంది. ఆ అడ్రసు నాదే. వయసులో ఉన్నప్పుడు గొప్పకి పోయి నేనే పెట్టుకున్నాను. అందుకని నాకు ఉత్తరాలొస్తాయి. అందరూ మెయిల్ అంటారు, నేను ఉత్తరం అనే అంటాను.

జవాబు రెండే రెండు లైన్లు. మొదటి లైను కొడితే నడుస్తున్న మెషీన్ మీద పరిమితి అప్పటికప్పుడు పెరుగుతుంది, డేటాబేసు లేచి కూర్చుంటుంది. కాకపోతే మెషీన్ ఆపి మళ్ళీ వేస్తే కెర్నెల్ ఆ మాట మర్చిపోయి తిరిగి ముప్పైరెండు దగ్గరికే వస్తుంది. అందుకే రెండో లైను. మెషీన్ మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగుల ఫైల్లో అదే అంకె రాసిపెట్టడం. రెండూ చేస్తే పని శాశ్వతంగా అయిపోతుంది, ఆ మనిషికి ఇక జన్మలో నాతో అవసరం పడదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాకు పెళ్ళి కాలేదు. చేసుకోలేదని చెబుతుంటాను గానీ, నిజానికి అదీ కొంత, ఇదీ కొంత. మా బావ పోయాక అక్క నా దగ్గరికి వచ్చి పద్దెనిమిదేళ్ళు ఉంది. పొద్దున పేపర్లో వచ్చే గళ్ళ నుడికట్టు ఇద్దరం పంచుకునేవాళ్ళం. అడ్డం అక్కది, నిలువు నాది. ఒకరి వాటాలోకి ఒకరు వెళ్తే ఆ పూట యుద్ధమే. ఆరేళ్ళ క్రితం కూతురి కాన్పుకని రెండు నెలలకి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. “నీకేమిటే, చేతిలో పనుంటే చాలు, పక్కన మనిషున్నా లేకపోయినా తెలియదు” అంది ఫోన్లో. “అవును” అన్నాను. రమ్మని నేను అడగకుండా తనే వస్తానంటుందేమోనని చూశాను. నాకదో పౌరుషం.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పది గంటలకి అక్క ఫోను. తిన్నావా అంటుంది, తిన్నానంటాను. ఒంట్లో బాగుందా అంటుంది, బాగుందంటాను. ఇంకేంటి అంటుంది. ఇంకేం లేదంటాను. అయిపోయింది, మళ్ళీ ఆదివారం.

ఆఫీసులోనూ అంతే. మూడేళ్ళ క్రితం మావాళ్ళందరూ రోడ్డుకి అవతలి వైపు కట్టిన కొత్త బిల్డింగుకి మారారు. నా కిటికీ వదిలి నేను రానన్నాను. బతిమాలతారనుకున్నాను, ఎవరూ బతిమాలలేదు. ఇప్పుడు నాలుగో అంతస్తులో నేనూ, పాడైపోయిన ఒక జిరాక్స్ మెషీనూ ఉంటాం. మధ్యాహ్నం ఒంటిగంటకి అవతలి బిల్డింగు అద్దాల్లోంచి అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని డబ్బాలు విప్పుకోవడం కనిపిస్తుంది. వాళ్ళలో ఎవరు ఎవరి డబ్బాలో చెయ్యి పెడతారో కూడా నాకు తెలుసు.

అక్క వెళ్ళిన వారంలో ఒక ఉత్తరం వచ్చింది. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ట. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం ఒకసారి లాగాడని కంప్యూటర్ బాధ్యత మొత్తం ఆయన నెత్తిన పెట్టారట. ఏ గ్రూపు రక్తం ఏ అరలో ఉందో రాసుకునే డేటాబేసు లేవడం లేదు, సాయం చెయ్యండి అని రాశాడు. ఆ రోజు నా మనసు మనసులో లేదు. మొదటి లైను రాసి పంపేశాను, రెండోది మర్చిపోయాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ మొదటిసారి నిజంగానే మర్చిపోయాను.

రెండు నెలలకి మళ్ళీ రాశాడు. “మేడమ్ గారూ, కరెంటు పోయి వచ్చాక మళ్ళీ అదే గొడవ. మీరు చెప్పింది ఎక్కడో రాసుకున్నాను, కాగితం కనపడటం లేదు, పాత మెయిల్ ఎలా వెతకాలో తెలియదు. నాకు మతిమరుపు. మా అమ్మాయి కూడా అదే అంటుంది. దానికి తొమ్మిదేళ్ళు, ఈత నేర్పిద్దామంటే నీళ్ళు చూస్తేనే ఏడుస్తోంది” అని. ఎవరూ అడక్కుండా తన ఇంటి సంగతి నాకు చెప్పిన మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో! ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి లైను రాశాను. అమ్మాయిని ముందు మెట్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు తడవనివ్వండి అని కూడా రాశాను. రెండో లైను గుర్తుంది. రాయలేదు.

అలా మొదలైంది. ఆయనొక్కడితోనే ఆగిందా అంటే, లేదు. బస్సు డిపోలో గుమాస్తా ఒకాయన, వాతావరణం లెక్కలు కట్టే ఒక పంతులమ్మ, మొత్తం ఏడుగురు పోగయ్యారు. చక్కగా రాసేవాళ్ళకి ఒక్క లైనే పంపేదాన్ని. మర్యాద లేకుండా రాసినవాళ్ళకి రెండు లైన్లూ ఒకేసారి మొహాన కొట్టి వదిలించుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది గానీ, అప్పుడు మాత్రం మహా తెలివైనదాన్ననుకున్నాను.

బ్లడ్ బ్యాంకు ఆయన ఆరేళ్ళలో పదకొండుసార్లు రాశాడు. మూడో ఉత్తరానికి అమ్మాయి మెట్లు దిగింది. ఐదో దానికి కొలను ఈ చివర నుంచి ఆ చివరికి ఈదింది. తొమ్మిదో దానికి స్కూల్లో అందరికంటే ముందొచ్చింది. కిందటి నెల పదకొండో ఉత్తరంలో, పెద్ద పోటీలకి ఎంపికైందనీ, ఆ రోజు సెలవు పెట్టి తనూ వెళ్తున్నాననీ రాశాడు. ఆ తేదీ నేను గోడ మీది క్యాలెండర్లో చుట్టి పెట్టుకున్నాను. సోమవారం.

సరిగ్గా ఆ సోమవారమే పిడుగు నా మీద పడింది. పిడుగంటే అవతలి బిల్డింగులో పనిచేసే పిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయి, ఆ పేరు నేనే పెట్టాను. ముప్పైరెండు తీసేసి, మెషీన్‌లో ఎంత మెమొరీ ఉంటే అంతా వాడుకోనిచ్చేలా డిఫాల్టు అంకె మార్చాలని ఒక ప్యాచ్ రాసింది, ప్యాచ్ అంటే పాత కోడ్‌కి వేసే మాసిక. ఆ భాగం నా చేతికింద ఉంది కాబట్టి నా సంతకం లేకుండా అది కెర్నెల్‌లోకి వెళ్ళదు. రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి నాలుగంతస్తులూ ఎక్కి మనిషే వచ్చింది.

“మేడమ్, ఈ లిమిట్ వల్ల ఎవరికి లాభం? ఒక్కళ్ళని చూపించండి చాలు” అంది, ఇంకా రొప్పుతూనే.

“ఏదో ఒక ప్రోగ్రాముకి పిచ్చెక్కి మెమొరీ అంతా మింగేస్తే నువ్వొచ్చి కక్కిస్తావా?” అని ఒంటికాలి మీద లేచాను.

“మింగాలనుకుంటే వేరే దారుల్లో ఎంతైనా మింగుతుంది కదా మేడమ్, వాటికి లిమిట్ లేదు. వీధి తలుపు బార్లా తీసిపెట్టి కిటికీకి తాళం వేసినట్టుంది మన పని.”

నిజమే. ఆ సంగతి నాకు పదేళ్ళుగా తెలుసు. “ఆలోచిస్తాను” అన్నాను.

“ఆలోచిస్తానని కిందటేడూ అన్నారు. గురువారం సాయంత్రానికి మీ సంతకం పడకపోతే ఈ వెర్షన్‌కి లేనట్టే. ఇంకో ఏడాది ఆగాలి.” పోతూ పోతూ తలుపు దగ్గర నిలబడి, “ఒక్కరే ఎలా ఉంటున్నారు మేడమ్ ఇక్కడ? లంచ్‌కి అటు రావచ్చుగా” అంది. పనుందన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని మెట్లు దిగింది.

మంగళవారమంతా మెయిల్ బాక్సు తెరిచే కూర్చున్నాను. అమ్మాయి గెలిచిందా, ఓడిందా? వార్త రాలేదు. బుధవారం పొద్దున పదకొండింటికి వచ్చింది.

“మేడమ్ గారికి నమస్కారాలు. సోమవారం మా బ్యాంకులో కొత్త బ్యాటరీ పెట్టడానికి కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశారు. మామూలుగానే డేటాబేసు లేవలేదు. నేను ఊళ్ళో లేను, పోటీల దగ్గర ఫోను లాకర్లో పెట్టించారు. అదే టైములో కాన్పు కష్టమైన ఒకావిడకి అరుదైన గ్రూపు రక్తం కావాల్సి వచ్చింది. మా ఫ్రిజ్‌లో రెండు సంచులున్నాయి గానీ ఏ అరలో ఉన్నాయో కంప్యూటర్‌కే తెలుసు. మా నర్సమ్మ ఒక్కతే నాలుగు వందల సంచులు ఒకటొకటి చేత్తో తీసి చీటీలు చదివింది. గంటన్నర పట్టింది. వేళ్ళు చలికి కొంకర్లు పోయి నిన్నంతా పెన్ను పట్టుకోలేకపోయింది. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా బతికారు. ఒకే తప్పు పన్నెండుసార్లు ఎందుకు జరిగిందో శుక్రవారంలోగా రాతపూర్వకంగా చెప్పమని మా ఆఫీసరు నన్ను డ్యూటీలోంచి తప్పించారు. నా మతిమరుపే కారణమని రాసిచ్చేస్తాను, ఉద్యోగం పోతే పోయింది. మళ్ళీ ఇలా జరక్కుండా శాశ్వతంగా చేసే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి పంపండి. నేనున్నా లేకపోయినా నర్సమ్మకి ఆ కష్టం రాకూడదు. పదకొండుసార్లూ మీరు విసుక్కోకుండా జవాబిచ్చారు. ఆ మేలు మర్చిపోను.”

కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. అమ్మాయి సంగతి ఎక్కడైనా రాశాడేమోనని కిందికి చూశాను. ఆ స్థితిలోనూ అదే వెతికానంటే నేనెలాంటిదాన్నో మీరే చెప్పండి.

తప్పించుకునే దారి లేకపోలేదు. ‘ఈమధ్యనే శాశ్వతమైన పద్ధతి ఒకటి వచ్చింది, ఇదుగో’ అని రెండో లైను రాశాను. చదువుకున్నాను. అచ్చం నిజంలాగే ఉంది. ఆయన నమ్ముతాడు. ఇరవై ఏడేళ్ళుగా మా సహాయ పుస్తకంలో నలభయ్యో పేజీలో నా రాతలోనే ఉన్న లైనది, అయినా ఎవరూ తిప్పి చూడరు. ఆయన మతిమరుపని రాసిస్తాడు, ఉద్యోగం ఊడుతుంది, నేను మాత్రం మర్యాదగా మిగిలిపోతాను. పంపడానికి వేలు పెట్టాను. ‘ఆ మేలు మర్చిపోను’ అన్న ముక్క స్క్రీను మీద అలాగే ఉంది. నా వల్ల కాలేదు. ఏడుపొచ్చింది, పట్టపగలు, ఆఫీసులో. ఏడ్చినా చూసేవాళ్ళెవరున్నారు కనక!

అంతా చెరిపేసి వాళ్ళ ఆఫీసరుకి కొత్తగా రాశాను. ‘మీ టెక్నీషియన్‌కి మతిమరుపు లేదు. ఈ సమస్యకి శాశ్వతమైన జవాబు రెండు లైన్లు. ఆయనకి నేను మొదటిది మాత్రమే పంపుతూ వచ్చాను. మొదటిసారి పొరపాటున, ఆ తర్వాత పదిసార్లూ తెలిసే. ఆయన నాకు మళ్ళీ ఉత్తరం రాయాలని అలా చేశాను. నేను ఒంటరిదాన్ని. అది కారణమే గానీ సాకు కాదు. తప్పు పూర్తిగా నాది. రెండు లైన్లూ కింద ఇస్తున్నాను.’ టెక్నీషియన్‌కొక ప్రతి, మా ఇప్పటి హెడ్‌కొక ప్రతి పెట్టి పంపేశాను. మిగిలిన ఆరుగురికీ రెండో లైను, దాంతోపాటు క్షమాపణ పంపాను. అప్పుడు పిడుగు ప్యాచ్ తెరిచాను. మార్పుకి కారణం రాసే చోట, ‘పాత పరిమితి ఎవరినీ కాపాడలేదు, ఇన్నాళ్ళూ దాన్ని ఉంచింది నేను’ అని ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాను. బుధవారం మధ్యాహ్నం రెండు కూడా కాలేదు.

హెడ్ ఫోను చేశాడు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న. “అంత వివరంగా రాయాల్సిన అవసరమేముంది మేడమ్? ఏదో సర్దిచెప్పేవాళ్ళం కదా” అన్నాడు. సర్దే ఓపిక నాకు లేదన్నాను. “సందేశం కింద మీ అడ్రసు తీసేస్తున్నాం. ఉత్తరాలు ఇకనుంచి వేరేవాళ్ళు చూస్తారు” అన్నాడు. సరేనన్నాను. ఇంకేమంటాను?

శుక్రవారం కొత్త వెర్షన్ విడుదలైంది. దాన్ని నా మెషీన్‌లో వేసుకుని, డిఫాల్టు పరిమితి ఎంతో చూపించమని అడిగాను. ఇరవై అంకెల సంఖ్య ఒకటి వచ్చింది. చదవబోతే సగంలోనే ఊపిరి అయిపోయింది. బాగుంది. ఇక ఏ డేటాబేసూ దానికి గుద్దుకోదు, ఎవరికీ ఏ సందేహమూ రాదు.

పది రోజులు మెయిల్ బాక్సు ఖాళీ. పదకొండో రోజు బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చింది. వెంటనే తెరిచాను.

‘మీ లేఖ అందినది. విచారణ ముగిసినది. నన్ను తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. ఇట్లు.’

అంతే. కింద పేరు, హోదా. పైన మేడమ్ గారూ అని లేదు. అమ్మాయి సంగతి లేదు. తొమ్మిదేళ్ళప్పుడు నీళ్ళు చూసి ఏడ్చిన పిల్ల ఆ సోమవారం ఎన్నోదిగా వచ్చిందో నాకిక ఎప్పటికీ తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. క్యాలెండర్లో చుట్టిన తేదీ అలాగే ఉంది, నెల మారేదాకా అలాగే ఉంచాను.

ఆ ఆదివారం పదింటికి అక్క ఫోను. పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నుడికట్టులో నిలువు పూర్తిచేశాను, అడ్డం ముట్టుకోలేదు. ఆరేళ్ళుగా ముట్టుకోలేదు.

“తిన్నావా?” అంది.

“తిన్నా.”

“ఒంట్లో బాగుందా?”

“బాగుంది.”

“ఇంకేంటి?”

ఇంకేం లేదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

“అక్కా, నాకిక్కడ ఏం బాగాలేదు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. నువ్వెళ్ళినప్పట్నుంచీ ఇంతే.”

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

“ఆరేళ్ళ నుంచా?” అంది.

“ఊఁ.”

“ఓసి పిచ్చి మొద్దూ! మరి ప్రతి ఆదివారం నేను అడుగుతూనే ఉన్నాను కదే!”

అక్కే మళ్ళీ అందుకుంది. “నాకిప్పుడు ఈ మోకాళ్ళతో మీ ఇంటి మూడంతస్తులూ ఎక్కడం అయ్యే పని కాదే. ఆ రోజే ఒక్క మాట అని ఉంటే...” అని ఆపేసింది. ఆ వాక్యం పూర్తిచెయ్యలేదు, నేనూ పూర్తిచెయ్యమనలేదు.

అంతలో అవతల ఎవరో పిలిస్తే, “ఉండండర్రా, చెల్లెలితో మాట్లాడుతున్నా” అని అక్క గదమాయించడం వినిపించింది.

“నేనే వస్తాలే” అన్నాను.

“ఎప్పుడు? నీకు పనుంటుందిగా, ఉత్తరాలూ అవీ.”

“ఉత్తరాలు రావడం లేదక్కా” అన్నాను. “ఫోన్ పెట్టెయ్యకు. ఇవాళ్టి అడ్డాలు చదువుతాను, చెప్తావా?”

“చదువు” అంది.

పేపరు దగ్గరికి లాక్కుని, అడ్డం ఒకటి నుంచి మొదలుపెట్టాను.